రెండో నెల పిల్లాడు

లాయరు గుమస్తా చీటీని బల్లకేసి కొట్టాడు.

"మీ మందుల గదిలో వాడికి కళ్ళు కనబడవా, నీకు రాయడం రాదా? ఇద్దరిలో ఎవరో ఒకరు తేల్చి చెప్పండి. గంట నుంచీ వరసలో నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయాయి."

పిల్లల ఎమర్జెన్సీలో ఆ పూట డ్యూటీ డాక్టరు ఒక్కతే. ఇంకా ముప్పై నిండని మనిషి. పొద్దున ఏడింటి నుంచి నలభై ఒక్క చీటీలు చూసింది. ఇది నలభై రెండోది కాదు, తొమ్మిదీ ఐదుకి తను రాసి పంపేసినదే. జ్వరం చుక్కలు, ముక్కు చుక్కలు. మందుల గది మనిషి దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, పక్కన రాశాడు: "వయసు 2 నెలలు, బరువు 2.9 కిలోలు. సరిచూడండి."

ఆమె ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయింది.

రెండు నెలల పిల్లాడు మూడు కిలోలు కూడా లేకపోవడం ఏమిటి?

"చూసింది చాలుగానీ, సరిచేసివ్వు," అన్నాడు గుమస్తా. "ఇంటికి పోతాం. మా తమ్ముడి పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడు."

"ఎప్పుడు పుట్టాడు?"

"రెండో నెల అని పొద్దున్నే మొత్తుకున్నాం గదా, ముందు బల్ల దగ్గర."

"నెల కాదు. తారీఖు చెప్పండి."

"పోయిన నెల ఏడు."

గోడ మీద క్యాలెండరు రెండో తారీఖు చూపిస్తోంది. డాక్టరు బల్ల కింద వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. రెండుసార్లూ ఒకటే వచ్చింది.

"ఇరవై ఆరు రోజులు! రెండో నెలంటారేమిటండీ?"

"పోయిన నెల ఒకటి, ఈ నెల రెండు. రెండో నెల కాక నాలుగో నెలా? లెక్కలు నాకు చెప్పకమ్మా. కోర్టు వాయిదాలు లెక్కపెట్టీ పెట్టీ తల నెరిసింది నాకు."

ముందు బల్ల దగ్గర నర్సు 'రెండో నెల' అన్న మాట విని '2 నెలలు' అని రాసుకుంది. చంకలో పెట్టిన థర్మామీటరు తొంభై ఏడు చూపించింది. జ్వరం లేదు, నెల దాటిన పిల్లాడు అని పచ్చ చీటీ కట్టేసింది. పచ్చ చీటీ అంటే తొందర లేదు, కూర్చోవచ్చు అని.

ముందు బల్ల సంగతి సరే, తనో? డాక్టరుకి తొమ్మిదీ ఐదు గుర్తొచ్చింది. అప్పుడే మూర్ఛతో ఒక పిల్లను పరిగెత్తించుకు తెచ్చారు. ఆ హడావిడిలో ఈ పిల్లాణ్ణి చుట్టిన గుడ్డ కూడా విప్పలేదు. గుడ్డ మీదనుంచే గుండె విన్నది. నాయనమ్మ చెప్పింది: "రాత్రి కాస్త వెచ్చబడ్డాడమ్మా. పొద్దుటికి చల్లబడింది." తను ఏమంది? "చల్లబడిందిగా, ఇంకేం భయం లేదు."

ఆ వార్డులో ఒక నియమం ఉంది. నెల లోపు పిల్లాడికి ఇంట్లో ఒక్కసారి జ్వరం తగిలినా సరే, అది తల్లి చేత్తో ముట్టుకుని చెప్పిందే అయినా సరే, వచ్చేసరికి తగ్గిపోయినా సరే, పంపకూడదు. రక్తం, మూత్రం, వెన్ను నీరు మూడూ తీయాలి. గంటలోపు నరంలోకి మందు పడాలి. ఆ వయసు పిల్లల ఒంట్లో చెడ్డ ఇన్‌ఫెక్షన్ ఉన్నా బయటికి కనబడదు. కనబడే వేళకి చెయ్యి దాటిపోతుంది.

గంటా పదిహేను నిమిషాలు పోయాయి.

డాక్టరు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఏయ్, చీటీ!" అన్నాడు గుమస్తా వెనక నుంచి.

వరండాలో బల్ల మీద నాయనమ్మ కాళ్ళు చాపుకుని, పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మనిషి బలంగా ఉంది, గొంతు అంతకన్నా బలం. బల్ల చివర, సగం కూర్చున్నట్టూ సగం లేచినట్టూ తల్లి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ముఖంలో రక్తం లేదు.

"చూడమ్మా మా బంగారుకొండని," అంది నాయనమ్మ. "పొద్దుట్నుంచీ కిక్కురుమంటే ఒట్టు. ఇదిగో, ఆ పక్కవాళ్ళ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెవులు చిల్లులు పొడుస్తోంది. మావాడు నెమ్మదస్తుడు."

డాక్టరు గుడ్డ కింద చెయ్యి పెట్టింది. పాదాలు చల్లగా ఉన్నాయి. పొట్ట కూడా అంతే. అరికాలి మీద బొటనవేలితో నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి మళ్ళీ ఎరుపు రావడానికి నాలుగు లెక్కపెట్టాల్సొచ్చింది. రెండు దాటకూడదు. గడ్డం కింద గిల్లినట్టు నొక్కింది. పిల్లాడు కళ్ళు సగం తెరిచి, ఎవరో పిలిస్తే వినిపించుకోనట్టు, మళ్ళీ మూసేశాడు.

థర్మామీటరు తొంభై ఐదు పాయింట్ రెండు.

"సిస్టర్!"

పెద్ద నర్సు వచ్చింది. నిటారుగా నడిచే మనిషి, మాట్లాడితే గీత గీసినట్టు ఉంటుంది. వార్డంతా ఆమెను స్కేలు సిస్టర్ అంటారు, ఆమె ముందు మాత్రం అనరు. థర్మామీటరు చూసింది, పిల్లాణ్ణి చూసింది, ఒక్క మాట కూడా అడగలేదు.

"లోపల పిల్లాణ్ణి వెచ్చబెట్టే వార్మరు వేస్తాను. ట్రే సర్దుతాను," అని వెనక్కి తిరిగింది.

"ట్రే ఏమిటి?" అంది నాయనమ్మ.

"పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళాలి పెద్దమ్మా. రక్తం తీయాలి. సన్నటి గొట్టంతో మూత్రం తీయాలి. వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్షకి పంపాలి. వెంటనే మందు ఎక్కించాలి."

నాయనమ్మ రెండు చేతులూ పిల్లాడి మీద కప్పేసింది.

"వెన్నులో సూదా?"

అప్పటికి గుమస్తా వచ్చేశాడు. పక్క బెంచీల మీద వాళ్ళు మెడలు ఇటు తిప్పారు.

"ఒక్క నిమిషం, ఒక్క నిమిషం," అన్నాడు చెయ్యి ఎత్తి, జడ్జి ముందు నిలబడినట్టు. "తొమ్మిదింటికి పిల్లాడు భేషుగ్గా ఉన్నాడన్నది ఎవరు? నువ్వు. ఇప్పుడు వెన్నులో గుచ్చాలంటున్నది ఎవరు? నువ్వే. మధ్యలో ఏమైంది తల్లీ? కాఫీ తాగి వచ్చావా?"

బెంచీల మీద ఎవరో నవ్వారు.

"వయసు తప్పు పడింది. నెల లోపు పిల్లాడని నాకు తెలియలేదు."

"తప్పు నీదైతే సూది మావాడికా?"

"పిల్లాడు చల్లగా ఉన్నాడు. అది మంచిది కాదు."

"విన్నారా?" నాయనమ్మ బెంచీల వైపు తిరిగింది. "జ్వరం వస్తే సూది, తగ్గితే సూది! చల్లబడితే మంచిదని ఈవిడే అంది పొద్దున, ఈ నోటితోనే. నలుగురు పిల్లల్ని పెంచాను నేను, వీధిలో సగం మంది పసివాళ్ళకి నీళ్ళు పోశాను. నాకు తెలీదా?"

"మనకి ఒళ్ళు చల్లబడితే జ్వరం తగ్గినట్టు. వీడికి చల్లబడితే ఒంట్లో పోట్లాడే శక్తి అయిపోతున్నట్టు. పొద్దున ఆ మాట నేనూ మీలాగే విన్నాను. వినకూడదు."

"ఎంత చక్కగా తిప్పుతోందో మాట," అన్నాడు గుమస్తా. "నువ్వు డాక్టరెందుకయ్యావు, మా ఆఫీసుకి రావలసింది."

"జ్వరం మందేమైనా వేశారా ఇంట్లో?"

"ఏమీ వెయ్యలేదు," అంది నాయనమ్మ.

"చన్నీళ్ళ గుడ్డతో తుడిచారా?"

"లేదన్నాగా!"

బల్ల చివర నుంచి చిన్న గొంతు వచ్చింది. "ఆరింటికోసారి, బయల్దేరే ముందు ఎనిమిదిన్నరకోసారి. చుక్కలు వేశారు. గుడ్డతోనూ తుడిచారు."

నాయనమ్మ మెల్లగా తల తిప్పింది. కోడలు ఆ చూపు కింద కూడా కళ్ళు దించుకోలేదు. నిలబడే ఓపిక లేక బల్ల అంచు పట్టుకుంది.

"నిన్నెవరు అడిగారే?"

"డాక్టరుగారు అడిగారు అత్తయ్యా."

"జ్వరం చూపించడానికి వస్తూ దాన్ని దించేసి తెచ్చారా?" అంది డాక్టరు. గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. "ఎంత చూసింది రాత్రి?"

"నూట ఒకటిన్నర," అంది తల్లి. "పక్కింటి వాళ్ళ థర్మామీటరు. అప్పట్నుంచీ పాలు కూడా సరిగ్గా పట్టలేదు."

"కాలిపోతున్న పిల్లాణ్ణి అలాగే చేతుల్లో పెట్టుకుని ఊరంతా తిరగమంటావా?" నాయనమ్మ అరిచింది. "దించితే తప్పు, దించకపోతే తప్పు! నిమిషానికో మాట మార్చేదాని దగ్గర నేను నేర్చుకోవాలా పిల్లల్ని పెంచడం?"

గుమస్తా ఫోన్ తీశాడు. కెమెరా డాక్టరు ముఖానికి మూరెడు దూరంలో పెట్టాడు.

"చెప్పు. పొద్దున ఏం చెప్పావో ఇందులో చెప్పు. నలుగురూ వింటారు."

లోపల నుంచి స్కేలు సిస్టర్ గొంతు వినిపించింది. "వార్మరు వేడెక్కింది మేడమ్."

డాక్టరు కెమెరాలోకి చూసింది. వాదించడానికి ఇంకా పది రకాల మాటలున్నాయి. ముందు బల్ల వాళ్ళు రాసిందాన్నిబట్టి చూశాననవచ్చు. మీరే వయసు తప్పు చెప్పారనవచ్చు. మందు వేసి దాచారనవచ్చు. అన్నీ నిజాలే. ఒక్కో నిజానికి ఒక్కో నిమిషం పడుతుంది.

"తొమ్మిదీ ఐదుకి ఈ పిల్లాణ్ణి నేను సరిగ్గా చూడలేదు," అంది. "గుడ్డ విప్పలేదు. పుట్టిన తారీఖు అడగలేదు. ఇంటికి వెళ్ళమన్నాను. అది నా తప్పు. ఇప్పుడు వీడికి పరీక్ష చేసి మందు ఎక్కించకపోతే సాయంత్రానికి ఏమవుతుందో నేను చెప్పలేను. పదీ ఇరవై ఏడు అయింది. రికార్డయిందా?"

గుమస్తాకి ఈ జవాబు అలవాటు లేదు. ఎదుటివాడు కాదంటే ఏం చెయ్యాలో అతనికి ముప్పై రకాలుగా తెలుసు. అవునంటే ఏం చెయ్యాలో తెలియదు. ఫోన్ జేబులో పెట్టి, తెలిసిన దారిలోకి దిగాడు.

"మా ఇష్టం మీద తీసుకుపోతున్నాం అనే కాగితం ఉంటుంది గదా, అదివ్వు."

"ఇవ్వను."

"ఇవ్వకుండా ఆపే హక్కు నీకుందా? ఏ రూలు? చూపించు!"

లేదు. స్కేలు సిస్టర్ గుమ్మంలో నిలబడి డాక్టరు వైపు చూసి, లేదన్నట్టు తల ఊపింది. సొరుగులోంచి కాగితం తెచ్చి అతని చేతికిచ్చింది.

"సంతకం తల్లిదైనా ఉండాలి, తండ్రిదైనా ఉండాలి. పెదనాన్నలవి చెల్లవు," అంది.

"తమ్ముడు లారీ మీద ఉన్నాడు, ఫోన్ కలవదు. తల్లి పెడుతుంది." అతను మోకాలి మీద పెట్టుకుని బరబరా నింపేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. పిల్లాడి ఒళ్ళు చల్లబడి, జ్వరం పూర్తిగా తగ్గినందున, డాక్టరు మాటల మీద నమ్మకం లేనందున. పెన్ను మరదలి చేతిలో పెట్టాడు. "ఇక్కడమ్మా. ఇక్కడొక్కటే. పోదాం పద, ఆటో పిలుస్తా."

తల్లి పెన్ను పట్టుకుంది. కాగితం వైపు చూడలేదు. పిల్లాడి వైపు చూసింది.

"పెట్టవే," అంది నాయనమ్మ. "ఏం చూస్తున్నావు? నీకు తెలీదు ఆ సూది సంగతి. నాకు తెలుసు. ఆ సూది పడ్డ పిల్లాడు నా ఇంటికి తిరిగిరాలేదు."

"ఏ పిల్లాడు?" అంది డాక్టరు.

నాయనమ్మ పెదవులు బిగించింది. అనకూడనిది నోరు జారిందని ముఖమే చెప్పింది. గుమస్తా పక్కకి చూశాడు.

"ఏ పిల్లాడు అత్తయ్యా?"

"నా రెండోవాడు."

తల్లికి అర్థం కాలేదు. "రెండోవాడు మా ఆయన గదా."

"మీ ఆయన మూడోవాడు."

వరండాలో కబుర్లాడుతున్నవాళ్ళు ఇటు మెడలు చాపారు. తల్లి గుమస్తా వైపు తిరిగింది.

"బావగారూ! మీ ఇద్దరికీ మధ్య ఇంకొకరున్నారా?"

గుమస్తా తల దించుకున్నాడు. అదే జవాబయింది.

"జ్వరమొచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది," అంది నాయనమ్మ. గొంతు తగ్గలేదు, ఇంకా కరుకుగా అయింది. "ఇలాంటి ఆసుపత్రే. ఇలాంటి తెల్లకోటే. వీపులో సూది గుచ్చారు. తెల్లారేసరికి గుడ్డలో చుట్టి ఇచ్చారు. ఇప్పుడు చెప్పు నువ్వు, నేను ఈవిణ్ణి ముట్టనిస్తానా?"

డాక్టరుకి ఓదార్పు మాటలు నోటిదాకా వచ్చాయి. వాటికి టైము లేదు.

"జ్వరం మొదలయ్యాక ఎన్నో రోజున తీసుకెళ్ళారు పెద్దమ్మా?"

"ఏమో."

"ఎన్నో రోజున?"

"నాలుగో రోజు," అన్నాడు గుమస్తా.

అతనికీ నాయనమ్మకీ తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. నాయనమ్మ పెద్దకొడుకు వైపు చూసిన చూపు, కోడలి మీద పడ్డ చూపుకన్నా పదునుగా ఉంది.

"నీకప్పుడు ఆరేళ్ళురా."

"ఆరేళ్ళే. తలుపు దగ్గర కూర్చున్నా నేను. నాలుగు రోజులూ అక్కడే కూర్చున్నా."

"సూది వల్ల కాదు పెద్దమ్మా," అంది డాక్టరు. "నాలుగు రోజుల వల్ల. ఇది మొదటి రోజు."

"నోర్ముయ్!" నాయనమ్మ లేవబోయింది. "నా పిల్లాణ్ణి నేనే చంపుకున్నానంటావా? ఎంత పొగరు నీకు! ఒరేయ్, చూస్తావేంట్రా, సంతకం పెట్టించు!"

గుమస్తా కదలలేదు. పెట్టవద్దని కూడా అనలేదు. చేతిలో కాగితం పట్టుకుని అలా నిలబడిపోయాడు.

తల్లి పెన్ను బల్ల మీద పెట్టింది. పెట్టి, వంగి, అత్తగారి ఒళ్ళోంచి పిల్లాణ్ణి ఎత్తుకుంది. నాయనమ్మ గుడ్డ అంచు గట్టిగా పట్టుకుంది. క్షణంసేపు ఇద్దరూ ఆ గుడ్డకి చెరోవైపు ఉన్నారు.

"వదలండి అత్తయ్యా."

"నేను వదలను. నువ్వు నిన్నగాక మొన్న తల్లివయ్యావు."

"అవును. మీకు వీడు నాలుగోవాడో అయిదోవాడో. నాకు వీడొక్కడే. వదలండి."

నాయనమ్మ గుడ్డ వదిలింది.

తల్లి తూలుతూనే లోపలికి నడిచింది. డాక్టరు పక్క నుంచి పోతూ, ముఖం కూడా చూడకుండా అంది: "మీ మీద నమ్మకం ఉండి కాదు. ఇంకెవరూ లేక."

"అది చాలు," అంది డాక్టరు.

ట్రీట్‌మెంట్ గదిలో స్కేలు సిస్టర్ తల్లిని గోడ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది. పిల్లాడి చేతి వెనక నరం దొరకలేదు. పాదం మీద దొరికింది. రక్తం సీసాల్లోకి చుక్క చుక్కగా దిగింది. సూది గుచ్చినప్పుడు పిల్లాడు కాలు లాక్కోలేదు.

"ఎంత ఓర్పో చూడండి నా తండ్రికి," అంది తల్లి, ఎవరితోనో.

అది ఓర్పు కాదని డాక్టరుకీ నర్సుకీ తెలుసు.

నరంలోకి సెలైన్ వెళ్ళింది. సన్నటి గొట్టంలోంచి నాలుగు చుక్కల మూత్రం వచ్చింది. అరికాలి నొక్కి చూస్తే ఇప్పుడు మూడు లెక్కకే ఎరుపు తిరిగింది. ఊపిరి సమంగా ఉంది. ఇక వెన్ను నీరు తీయవచ్చు. స్కేలు సిస్టర్ పిల్లాణ్ణి పక్కకి తిప్పి, మోకాళ్ళూ తలా దగ్గరికి తెచ్చి, వంచి పట్టుకుంది. ఆమె చేతుల్లో ఆ వీపు అరచేయంత ఉంది. వెన్నుపూసలు చిన్న చిన్న గింజల వరసలా తేలాయి.

తలుపు గాజు మీద దబదబా చప్పుడయింది. నాయనమ్మ. "ఆగండి! నేనొప్పుకోలేదు! పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలవనివ్వండి," అంది స్కేలు సిస్టర్, కదలకుండా. "వాళ్ళు వచ్చేలోపు అయిపోతుంది. మీరు తలుపు వైపు చూడకండి మేడమ్."

"చూడట్లేదు."

"చూస్తున్నారు. ఇటు చూడండి."

కళ్ళు పిల్లాడి వీపు మీదికి తిప్పింది. సూది పెట్టింది. కొంచెం లోపలికి, ఇంకొంచెం. లోపల ఏదో సన్నటి పొర తెగినట్టు వేళ్ళకి తెలిసింది. సూది లోపలి సన్న పుల్లని బయటికి లాగింది. క్షణం ఏమీ లేదు. తర్వాత మొదటి చుక్క సూది అంచున నిలబడి, సీసాలో పడింది.

ఆ నీరు తేటగా ఉండాలి. సీసా వెనక వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి.

స్కేలు సిస్టర్ సీసాని దీపానికి ఎత్తి పట్టింది. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

సూది బయటికి తీసి, దూది నొక్కి, అప్పటికే కలిపి పెట్టుకున్న మందు సిరంజి అందుకుంది డాక్టరు. పది యాభై రెండుకి మొదటి మందు, యాభై ఎనిమిదికి రెండోది. స్కేలు సిస్టర్ టైములు అరచేతి మీద రాసుకుంది, తర్వాత కాగితం మీదికి ఎక్కించడానికి.

"ఏముంది అందులో?" తల్లి లేచి నిలబడింది. "మబ్బుగా ఉందేం? చెప్పండి. పొద్దున్నలా ఏమీ లేదని మాత్రం చెప్పకండి."

"ఉంది. మెదడు చుట్టూ ఉండే నీటిలోకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మందు పడింది. ఇంకా రెండు రోజులు గడిస్తేగానీ నేనేమీ చెప్పలేను."

"ఈ గంటన్నర ముందే పడుంటే?"

డాక్టరు చేతి గ్లవ్స్ తీసేసింది. "మంచిదయ్యేది."

తల్లి ఆ జవాబు విని, మళ్ళీ కూర్చుంది.

బయట పోలీసులు రాలేదు. నాయనమ్మ గొంతు బొంగురుపోయింది. బెంచీల మీద వాళ్ళు రెండు పార్టీలయ్యారు. "అంత పసివాడికి వెన్నులో సూదేమిటండీ, వీళ్ళకి ప్రయోగాలు కావాలి," అని ఒకాయన, "మీకంత తెలిస్తే ఇక్కడికెందుకొచ్చి కూర్చున్నారు," అని ఇంకొకావిడ. గుమస్తా ఎవరి వైపూ మాట్లాడలేదు. నింపిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చించలేదు.

రెండో రోజు పిల్లాడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రక్తంలో క్రిమి పెరిగిందని ల్యాబు నుంచి ఫోనొచ్చింది. ఇస్తున్న మందుకి లొంగే రకమే. నాయనమ్మ వార్డు గుమ్మం దగ్గర కూర్చుని, డాక్టరు అటు వెళ్ళినప్పుడల్లా "సూది వేశాకే ఫిట్స్ వచ్చాయి, రాసిపెట్టుకోండి," అని వినిపించేలా అంది. మూడో రోజు ఫిట్స్ రాలేదు. లారీ మీద నుంచి దిగీ దిగగానే తండ్రి వచ్చాడు. తల్లినీ భార్యనీ అన్ననీ చూసి, ఎవరితో మొదలుపెట్టాలో తెలియక, వార్మరు పక్కన నిలబడ్డాడు. నాలుగో రోజు పొద్దున పిల్లాడు రొమ్ము పట్టాడు. బలంగా కాదు. పట్టాడు.

ఆ రోజు పదకొండింటికి ఆసుపత్రి పెద్ద డాక్టరు గదిలోకి అందర్నీ పిలిచారు.

గుమస్తా రెండు పేజీల ఫిర్యాదు రాసుకొచ్చాడు. తేదీలు, వేళలు, సెక్షన్లు. మొదటి పేజీ అంతా సూది గురించే. పెద్దల అనుమతి లేకుండా, కుటుంబాన్ని బెదిరించి, ముక్కుపచ్చలారని పసిబిడ్డ వెన్నులో. ఫోన్ తీసి వీడియో వినిపించాడు. "అది నా తప్పు" అన్న మాట దగ్గర ఆపి, బల్ల మీద పెట్టాడు, సాక్ష్యం పెట్టినట్టు.

పెద్ద డాక్టరు తల నెరిసిన మనిషి. ఇలాంటివి చాలా చూశాడు.

"ఏమ్మా," అన్నాడు తల్లితో, మెత్తగా. "ఈ ఫిర్యాదు మీకు సమ్మతమేనా? మీవాడు ఇవాళ పాలు తాగుతున్నాడంటే ఈ డాక్టరు వల్లే గదా."

"చావబోయింది కూడా ఈవిడ వల్లే," అంది తల్లి.

పెద్ద డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. డాక్టరు నేల వైపు చూడలేదు, ఆమె వైపే చూసింది.

"బావగారూ, సూది గురించి రాసిందంతా కొట్టెయ్యండి. అది నేను ఒప్పుకున్నాను. లోపలికి నేనే తీసుకెళ్ళాను."

"అమ్మాయ్, కేసు బలమంతా అందులోనే ఉంది."

"కొట్టెయ్యండి. ఇప్పుడు నేను చెప్పింది రాయండి. తొమ్మిదీ ఐదు నుంచి పదీ ఇరవై దాకా మేము వరండాలో కూర్చున్నాం. అంతసేపూ వీడు చల్లబడుతూనే ఉన్నాడు. ఈవిడ గుడ్డ విప్పలేదు. రాత్రంతా పిల్లాణ్ణి ఎత్తుకున్నదాన్ని పక్కనే ఉన్నాను, ఒక్క ముక్క నన్నడగలేదు. అత్తయ్యని అడిగి పంపేసింది. అది రాయండి."

గుమస్తా రాశాడు. రెండు పేజీల్లోంచి నాలుగు లైన్లు మిగిలాయి. చేతిలో పని తగ్గిపోయినవాడిలా వాటివైపు దిగాలుగా చూశాడు.

"దీన్ని ఫిర్యాదు అనరు," అన్నాడు.

"అంటారు," అంది డాక్టరు.

కాగితం లాక్కుని, నాలుగు లైన్లూ చదివి, ఆ కింద 'పై విషయాలు నిజం' అని రాసి సంతకం పెట్టింది. పెద్ద డాక్టరు ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు.

"వీడికి ఇంకా పదిహేడు రోజులు మందు పడాలి," అంది తల్లితో. "మధ్యలో వెన్ను నీరు మరోసారి తీసి చూడాలి. ఆ పనికి ఇంకో డాక్టరు కావాలంటే చెప్పండి, పంపిస్తాను."

గుమ్మం అవతల నుంచి నాయనమ్మ గొంతు: "ఇంకెవరైనా సరే! ఆ మనిషి మాత్రం వద్దు!"

తల్లి లేచింది. పైట సర్దుకుంది. పాలిచ్చే వేళ దాటుతోంది, ఆమెకి తొందరగా ఉంది.

"మీరే రండి," అంది. "ఈసారి ముందు నన్నడగండి."